మునిరత్నమ్మక్క కాళ్ళ కింది చెక్క

పొద్దున్నే సూళగిరి వెళ్ళే కంపెనీ బస్సు ఎక్కితే చాలు, నొప్పుల మందు వాసన గుప్పున కొడుతుంది. ఒకరికి మెడ, ఒకరికి నడుము, ఒకరికి భుజం. ఎన్ని మల్లెపూలు పెట్టుకున్నా ఆ ఘాటుదే పైచేయి. అది ముక్కుకు తగిలిన ప్రతిసారీ మునిరత్నమ్మక్క గుర్తొస్తుంది, నాకు ఒళ్ళు మండుతుంది.

నేను మదనపల్లె నుంచి హోసూరు వచ్చి సూళగిరి ఫ్యాక్టరీలో చేరినప్పుడు ప్యాకింగ్ లైనులో నా పక్క బల్ల ఆమెది. సూళగిరి దగ్గరి రైతు కుటుంబం మనిషి. నాలుగున్నర అడుగులుంటుందేమో, గొంతు మాత్రం మిషన్ల మోతను దాటి వినిపించేది. మొదటిరోజే నేను నడుము వంచి ఇనుప సామాన్ల ట్రే ఎత్తబోతే వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఏమే పాపా, నడుముతో ఎత్తుతావా? మోకాళ్ళు వంచు. ట్రేని కడుపుకి ఆనించుకో. తిరగాల్నంటే కాళ్ళు తిప్పు, నడుము మెలిపెట్టద్దు."

"బిరీన అయిపోతుందనక్కా..."

"నడుము పోతే ఈడ ఎవురూ నీకు ఇంగోటి ఇయ్యరు. గమ్మున చెప్పినట్ల చెయ్యి."

ఆ బల్లలు ఎవరి ఎత్తు చూసి చేశారో గానీ మాలో ఒక్కరికీ సరిపోవు. పొట్టివాళ్ళు రోజంతా భుజాలు చెవులదాకా ఎత్తి పనిచేయాలి. గోడ మీద మాత్రం 'సరిగ్గా నిలబడండి' అని రంగుల బొమ్మ ఒకటి! బల్ల మార్చమని అడిగీ అడిగీ విసిగిపోయి అక్క, కృష్ణగిరి మామిడి మండీలో పనిచేసే మరిది చేత పాత మామిడి పెట్టెల పలకలు తెప్పించుకుంది. తానే మేకులు కొట్టి, ఎక్కి నిలబడడానికి జానెడు ఎత్తు చెక్క చేసుకుంది. దానిమీద ఎక్కితే ఆమె మోచేతులు హాయిగా బల్ల మీదికి వచ్చేవి. గంటకోసారి దిగి నడుము వెనక్కి విరుచుకునేది, మమ్మల్నీ విరుచుకోమని తిట్టేది. ఆ తిట్ల పుణ్యమే, నేను ఇవాళ్టికీ మందు రాసుకోకుండా బస్సెక్కుతున్నాను.

మూడేళ్ళకు నన్ను లైన్ లీడర్‌ని చేశారు. ఆ నెలలోనే తనిఖీ వాళ్ళు వస్తున్నారన్నారు. మా దగ్గర తనిఖీ అంటే పెళ్ళివారి రాకే. నేల మీది పసుపు గీతలకు కొత్త రంగు వేస్తారు, గీత దాటి పూచికపుల్ల కూడా ఉండకూడదు. సూపర్‌వైజర్ వచ్చి, అక్క చెక్కను బూటుతో తన్ని, "ఇదేందమ్మా, కట్టెల అంగడి మాదిరి? రెండు దినాలు తీసి అవతల పెట్టు" అన్నాడు. నా చేతులతోనే తీసి స్టోరు వెనక పెట్టాను. కొత్త పదవి మరి!

"రెండు దినాలే కదక్కా, సర్దుకో."

"నీకు నోరు ల్యాకపాయనా? నీ నడుమైతే ఇట్ల అనింటావా?" అంది అక్క. వెళ్ళి బల్ల ముందు వట్టి నేల మీద నిలబడింది.

రెండో రోజు మధ్యాహ్నం మునివేళ్ళ మీద లేచి, బల్ల అవతలి ట్రేను అందుకుని పక్కకు తిరిగింది. "అమ్మా" అని ఒక్క కేక వేసి కూలబడిపోయింది. ఆఫీసువాళ్ళు రాసిన కాగితంలో మాత్రం ఇంట్లో నీళ్ళబిందె ఎత్తుతుంటే నడుము పట్టేసిందని ఉంది. సాక్షి సంతకం నాది. చదివే పెట్టాను. సిగ్గులేని చెయ్యి!

వారం తర్వాత వాళ్ళింటికి పోతే మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. చూడగానే నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడిసింది సాలు. నేను బిందె ఎత్తినానంటనే? మా ఇంట్లో కొళాయి ఉండాది, పోయి చూసుకో." మంచం పట్టె పట్టుకుని నావైపు తిరిగింది. "నా చెక్క యాడ పెట్టినావు?"

"స్టోరు వెనక ఉండాదక్కా. తెచ్చిస్తా."

"నాకెందుకే ఇప్పుడు? నా జాగాలోకి ఎవురొచ్చినారు?"

"లక్ష్మి అని, ఇద్దరు బిడ్డల తల్లి. నీకన్నా పొట్టి."

"అయితే ఆయమ్మ కాళ్ళ కింద ఎయ్యి. మళ్ళ తీసినావంటే నా గడప తొక్కద్దు."

అక్క మళ్ళీ పనికి రాలేదు. నేను ఆ చెక్కను లక్ష్మి కాళ్ళ కింద వేశాను. నిన్న మళ్ళీ తనిఖీ. సూపర్‌వైజర్ బూటుకొనతో చెక్కను చూపించాడు. లక్ష్మి దిగబోయింది. దిగొద్దన్నాను.

"సార్, చెక్క తీస్తే లైను ఆపుతాను. ఎవరి నడుము పట్టేసినా ఇంట్లో పట్టేసిందని ఈసారి సంతకం పెట్టను. యాడ జరిగిందో అదే రాస్తాను."

అతను ఏదో అనబోయి, తలుపు దగ్గర తనిఖీ వాళ్ళు కనబడేసరికి నోరు మూసుకున్నాడు.

వాళ్ళు వచ్చారు. గోడ మీది బొమ్మను మెచ్చుకున్నారు. లక్ష్మి పక్కనుంచే నడిచి వెళ్ళారు. నలుగురిలో ఒక్కడంటే ఒక్కడు కిందికి చూడలేదు.

ఎవరూ చూడని చెక్కను తీయించడానికి మనిషి నడుము తీశారు, తీసిన చేతులు నావి. ఆ మంట చల్లారలేదు, చల్లారనివ్వను కూడా. ఆదివారం అక్క గడప తొక్కాలి. చెక్క తీయలేదని చెప్పగలను. తనిఖీ వాళ్ళు కిందికి కూడా చూడలేదన్న మాట ఆమెకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.