చెయ్యి పడని బండికి తారు పూత

కార్ల గురించి నాకు తెలిసినదంతా చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకున్నదే. నాకు స్కూటరు తప్ప వేరే బండి నడపడం రాదు. "నడపరాదు గని పాఠం మాత్రం మంచిగ చెప్తడు" అని మా బావ వెక్కిరిస్తాడు. పంచాంగం చెప్పే అయ్యవారు గ్రహాల మీదికి పోయి చూసి వస్తున్నాడా అని నేనంటాను.

ఇంటర్‌తో నా చదువు ఆగిపోయింది. అశోక్‌నగర్‌లో జిరాక్స్ దుకాణం నడుపుతున్నాను. సర్కారు కొలువుల పరీక్షలకు చదివేవాళ్లు తెచ్చే నోట్సు మిషను మీద పెడుతూ, పెట్టిన ప్రతి పేజీ చదువుతూ, రాజ్యాంగం నుంచి కాకతీయుల చెరువుల దాకా ఒంటబట్టించుకున్నాను. మిగిలిన లోకం లైబ్రరీలో దొరికింది. అక్కడ కుర్చీ దొరకడం కొలువు దొరికినంత కష్టం. తలుపు తెరవగానే నీళ్ల సీసాలూ రుమాళ్లూ వచ్చి కూర్చుంటాయి, మనుషులు తీరిగ్గా తరువాత వస్తారు. అందుకని నేను చివరి బీరువా పక్కన కిటికీ గట్టు మీద కూర్చుంటాను. పాత కార్లను మళ్లీ మొదటి రూపానికి తేవడం గురించిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఆ బీరువాలోనే దొరికింది. నాకంటే ముందు దాన్ని తీసినవాళ్లు లేరని దుమ్మే చెప్పింది.

నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని చదువుతుంటే, గ్రూపు పరీక్షలకు తయారయ్యే ఒకతను మెడ చాచి చూశాడు.

"అన్నా, గిది ఏ గ్రూపుల వస్తది? సిలబస్ మారిందా?"

"ఏ గ్రూపుల రాదు తమ్మీ. అండర్‌కోటింగ్ గురించి. కారు అడుగున తారు పూస్తరు చూడు, అది."

"మరి ఎందుకు చదువుతున్నవ్?" అన్నాడు, నిజంగానే అర్థంకాక.

ఎందుకంటే మా బావ కోసం. బావ ఇల్లు నా దుకాణానికి రెండు సందుల అవతల. మేనమామ నుంచి ఆయనకు ఒక పాత విదేశీ స్పోర్ట్స్ కారు వచ్చింది. రెండే సీట్లు, తాబేలంత ఎత్తు. కారు చిన్నదే గానీ దాని సంసారం పెద్దది. పోర్టికో నిండా జాకీలు, డబ్బాలు, ఎందుకూ పనికిరాని పాత టైర్లు, ఎందుకైనా పనికొస్తాయని దాచిన ఇంకా పాత టైర్లు. ఆదివారం పొద్దున టీ తాగి కారు కిందికి దూరితే బావ మళ్లీ అన్నానికే బయటికి వచ్చేవాడు.

అక్క కన్ను ఆ పోర్టికో మీద పడింది. మా వాడలో ఇప్పుడు కాస్త జాగా ఉన్న ప్రతివాళ్లూ స్టడీ హాలు పెడుతున్నారు. నాలుగు బల్లలు, ఒక ఫ్యాను, గోడ మీద 'నిశ్శబ్దం' అని ఒక బోర్డు. హాస్టలు గదిలో చదువు సాగనివాళ్లు వచ్చి కూర్చుంటారు. అక్క ఫ్యానూ బోర్డూ ముందే కొని బీరువా మీద పెట్టింది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ తేల్చి చెప్పింది.

"పాత కార్ల పోటీ అంటున్నరు గద. దాంట్ల మీ బండికి ఇత్తడి పలక వస్తే బండి ఉంటది. రాకుంటే దసరా లోపట బండి బయటికి, బల్లలు లోపటికి. తమ్ముడు సాక్షి."

బావ ముద్ద మింగి సరే అన్నాడు.

చదువుల హాలు కోసం కారును వెళ్లగొడతామంటే, లైబ్రరీలో పెరిగిన నేను ఎవరి పక్షం ఉండాలి? కారు పక్షమే ఉన్నాను. స్టడీ హాలుకు నా సలహా అక్కర్లేదు. కారుకు కావాలి.

కారు పైభాగాన్ని బావ ఏళ్ల తరబడి రుద్ది అద్దంలా చేసుకున్నాడు. అడుగు మాత్రం చూడలేం. ఫ్యాక్టరీలో వేసిన పూత పెచ్చులూడి, దాని మీద ఎవరెవరో ఏదేదో పూసి, తుప్పు పట్టి ఉంది. పోటీలో పరీక్షించే పెద్దమనిషి కర్రకు అద్దం కట్టి అడుగు కూడా చూస్తాడట. పూత ఫ్యాక్టరీలో ఎట్లా వేశారో అట్లాగే ఉండాలట.

"ఆ దేశంల చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతరు బావా, మంచు కరగనీకె. ఆ ఉప్పు తగిలి తుప్పు పట్టకుండ ఈ పూత" అని మొదలుపెట్టాను.

"మనకాడ ఉప్పెవలు జల్లుతరు?" అంది అక్క వంటింట్లోంచి. "గుంతలల్ల మన్ను పోసేటోడే దిక్కులేడు."

ఉప్పు సంగతి పీఠిక మాత్రమే. అసలు సంగతి లోపలి పేజీల్లో ఉంది. ఫ్యాక్టరీలో ఈ పూత వేసినవాడు దీన్ని ఎవరూ చూడరని తెలిసే వేశాడు. ఒకచోట మందం, ఒకచోట పలచన. అంచుల్లో కారి గడ్డకట్టిన చుక్కలు. వెనక ఎడమ మూలలో పూత చిమ్మే గన్ను అందక వదిలేసిన జాగా. మొదటి రూపం రావాలంటే ఆ నిర్లక్ష్యం ఉన్నదున్నట్టు రావాలి. ఆ పేజీలు పెద్దవి చేసి జిరాక్స్ తీశాను. కారిన చుక్కలకు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాను. ఏ దేశంలోనో ఎవడో పని ఎగ్గొట్టిన మూలను, అశోక్‌నగర్‌లో బావా నేనూ భూతద్దం పెట్టి అధ్యయనం చేశాం.

నిర్లక్ష్యానికి మన నగరంలో కరువా అనుకున్నాను. అడగకుండా ఎంతైనా దొరుకుతుంది. అడిగి చేయించుకుందామంటే దొరకదు.

నారాయణగూడలో ఫ్లై ఓవరు దాటాక ఒక సందులో పెయింటర్ షెడ్డు ఉంది. తన పనిలో తప్పు చూపినవాడు ఇంకా పుట్టలేదని ఆయన రోజూ చెబుతాడు. జిరాక్సులన్నీ చూసి, తల ఊపి, కారును ఎత్తున నిలబెట్టి, పాత పూత గీకేసి, కొత్తది కొట్టాడు. వెళ్లి చూస్తే అడుగు పెళ్లికొడుకు బూటులా మెరుస్తోంది.

"తప్పు చూపియ్యన్నా" అన్నాడు.

"తప్పు లేకపోవుడే తప్పు" అన్నాను.

ఆయన బావ వైపు తిరిగాడు. "సార్, మీ బామ్మర్దికి తబియత్ మంచిగున్నదా?"

గీకి మళ్లీ కొట్టించాం. ఈసారి చుక్కలు కారాయి. ముగ్గులో పెట్టినట్టు సమాన దూరంలో, వరసగా, అన్నీ ఒకే పొడుగున కారాయి. వదిలేయాల్సిన మూలను ఆయన మొదట వదిలేశాడట. ఇంటికి పోయినా నిద్ర పట్టక, పొద్దున్నే వచ్చి నింపేశాడట.

"ఖాళీ జాగ చూస్తే చెయ్యి ఊకుంటలేదు సార్. నేనేం జెయ్యాలె?"

పోటీ దగ్గరపడింది. పోర్టికో కొలతలు తీయడానికి అక్క వడ్రంగిని పిలిపించిందని బావ దిగులుగా చెప్పాడు. నేను లైబ్రరీకి పరుగెత్తి ఆ అధ్యాయం మళ్లీ చదివాను. చిన్న అక్షరాల్లో ఒక మాట దొరికింది. ఫ్యాక్టరీలో మధ్యాహ్నం అన్నం గంట కొట్టేముందు వచ్చిన కార్లకు పూత మరీ అన్యాయంగా ఉండేదట. పుస్తకం పెద్దది కావడం ఇందుకే మంచిది. మనం చేస్తున్న పొరపాటు అందులో ఎక్కడో ఒకచోట ఉంటుంది. మేము నిర్లక్ష్యాన్ని కడుపు నిండిన మనిషిని అడుగుతున్నాం.

మర్నాడు పెయింటర్‌ను మధ్యాహ్నం దాకా మాటల్లో పెట్టాను. ఉప్పు గురించి మొత్తం చెప్పాను. ఆయనకు ఆకలి ముదిరి మాట తగ్గినప్పుడు, బావ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి బిర్యానీ తెచ్చి, షెడ్డు గుమ్మంలో మూత తీసి పెట్టాడు.

"ముందుగాల పూత అయిపోనియ్యన్నా" అన్నాను. "బిర్యానీ చల్లగైతది మళ్ల."

ఆయన ఒక కన్ను బిర్యానీ మీద పెట్టి రెండో కంటితో పూత కొట్టాడు. గన్ను ఇటు ఊపాడు, అటు ఊపాడు, అవతల పారేసి చేతులు కడుక్కున్నాడు. నేను కారు కిందికి దూరి జిరాక్సు పక్కన పెట్టి చూశాను. మందం, పలచన, వంకర చుక్కలు, అన్నీ ఉన్నాయి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎడమ మూల ఇడిసిపెట్టినవన్నా!"

"ఏ మూల?" అన్నాడు నోటినిండా బిర్యానీతో. లేవబోయాడు. బావ ఇంకో ముక్క ఆయన ప్లేటులో వేసి కూర్చోబెట్టాడు.

సరిగ్గా అప్పుడు అక్క ఆటో దిగింది. చేతి సంచిలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు.

"పూత తడి ఆరలేదక్కా. దుమ్ము గూడ తగలొద్దని పుస్తకంల ఉన్నది."

"నీ పుస్తకంల దిష్టి గురించి ఏమున్నది?"

జిరాక్సుల్లోంచి చివరి పేజీల పదాల పట్టిక తీసి వెతికాను. లేదు.

"బండి ఇంట్లకెల్లి పోతే పోనీయ్ గని, దిష్టి తగిలి పోవద్దు" అని అక్క చక్రానికొక నిమ్మకాయ పెట్టింది. బావ కారును ముందుకు తీశాడు. కాయలు పటపట పగిలి రసం, గింజలు పైకి చిమ్మాయి. సందులో దుమ్ము లేచింది.

పోటీ ఆదివారం, లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర ఒక మైదానంలో. మొదటి రూపానికి తెచ్చిన బండ్ల వరసలో మా కారు నిలబెట్టాం. నా ఫైలులో జిరాక్సులన్నీ సిద్ధం. న్యాయనిర్ణేత తెల్ల మీసాల పెద్దమనిషి. అద్దం లోపలికి తోశాడు, టార్చి వేశాడు. కాసేపటికి అద్దం పక్కన పెట్టి, కింద దుప్పటి పరిపించుకుని, తానే పడుకుని చూశాడు. లేచి దుమ్ము దులుపుకున్నాడు.

"ఈ బండి ఈ వరసల ఉండొద్దు" అన్నాడు.

బావ మొహం పాలిపోయింది. అక్క చూపు మైదానం దాటి ఎక్కడో బల్లల మీద ఆగింది.

"ఇది మళ్ల చేసిన బండి గాదు. చెయ్యి పడని బండి. ఫ్యాక్టరీ పూత ఉన్నదున్నట్టున్నది. చూడుండ్రి, పూతల నిమ్మగింజలు!" నలుగురినీ పిలిచి చూపించాడు. "మళ్ల పూసేటోడు ఎవడన్న గింజలు లోపట ఉంచి పూస్తడా? ఏటేటా పూజ చేసిండ్రు. ఏటేటా ఎండకు తారు మెత్తవడి ఒక్కొక్క గింజను మింగింది. గిట్ల మింగాల్నంటే ఏండ్లు వడ్తది."

ఇంత చక్కని సిద్ధాంతం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నోరు తెరిచాను. బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. ప్రేమతో వేసిన చెయ్యి అంత గట్టిగా ఉండదు.

పెద్దమనిషి అక్క వైపు తిరిగాడు. "అమ్మా, నిమ్మకాయలు మీరే పెడ్తరా?"

'మొన్ననే పెట్టిన' అని ఒక్కమాట చెబితే కారు పోతుంది, పోర్టికో వస్తుంది. అక్క జవాబు చెప్పకుండా ఇంకో ప్రశ్న వేసింది.

"పలక ఇచ్చినంక దీనికి ఇగ ఏం పని చెయ్యొద్దా అండి?"

"వద్దమ్మా. రంగు లేదు, పూత లేదు. విప్పుడు లేదు, బిగిచ్చుడు లేదు. ఏటేటా వచ్చి చూస్తం. చెయ్యి పెట్టినట్టు కనిపిస్తే పలక వాపస్."

"ఆదివారాలు గూడ?"

"ఏ వారమైనా గంతే."

"ప్రతి దసరాకు నేనే పెడ్తనండి" అంది అక్క. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

పలక వచ్చింది. చప్పట్లు కొట్టారు. ఫొటోలో బావ, అక్క, పెద్దమనిషి ఉన్నారు. ఫైలు పట్టుకున్న నా మోచెయ్యి కూడా పడింది.

ఆ వారంలోనే అక్క పాత ఇనుము బండిని పిలిచింది. "చెయ్యి పడని బండికి జాకీలెందుకు? డబ్బాలెందుకు?" అని అడుగుతూ ఒక్కొక్కటి ఆ బండిలోకి ఎత్తించింది. టైర్లు, రెండు తరాలవీ, వెళ్లిపోయాయి. సామాను పోయాక చూస్తే కారు ఎంత చిన్నదో తెలిసింది. పలకతో సహా ఒక మూలకు సర్దుకుంది. మిగతా జాగాలో నాలుగు బల్లలూ పట్టాయి, పైన ఫ్యాను తిరుగుతోంది.

ఇప్పుడు ఆదివారాలు బావకు ఏం చేయాలో తోచదు. టీ గ్లాసు పట్టుకుని కారు చుట్టూ తిరుగుతాడు. మడ్‌గార్డు మీది దుమ్ము తుడుద్దామని వంగితే కిటికీలోంచి అక్క గొంతు "చెయ్యి!" అని మెల్లగా వినిపిస్తుంది. ఎదురు మాట్లాడదామంటే ఎదురుగా 'నిశ్శబ్దం' బోర్డు.

మొన్న దుకాణం మూసి అటు వెళితే, మొదటి బల్ల దగ్గర లైబ్రరీలో నన్ను సిలబస్ అడిగిన అతనే కూర్చుని ఉన్నాడు. గుర్తుపట్టాడు.

"అన్నా, అప్పుడు తారు పూత గురించి గంత చదువుతుంటివి. ఏమాయె?"

వెనక మూలలో కారు ఉంది. దాని అడుగున ఏ చుక్క ఎక్కడ కారిందో నేను కళ్లు మూసుకుని చెప్పగలను. దాని మీద ఎవరి చెయ్యీ పడలేదని ఇత్తడి పలక చెబుతోంది.

"సెలెక్ట్ కాలేదు తమ్మీ" అన్నాను.

"పరేషాన్ గాకన్నా" అన్నాడతను గొంతు తగ్గించి. "ఇంకో నోటిఫికేషన్ వస్తది."