బంతి మీద ఊరి పేరు

మొన్న గరాచర్మ బస్టాపు దగ్గర టీ కొట్లో కూర్చుని ఉండగా, మెయిన్‌ల్యాండ్‌లో ఎక్కడో రెండు పాసింజరు రైళ్లు ఢీకొన్నాయని టీవీలో వార్త వచ్చింది. పెట్టెలు ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి, కింద ఎర్ర అక్షరాలతో మానవ తప్పిదమని వేశారు. మా దీవుల్లో రైలూ లేదు, పట్టాలూ లేవు. రైల్వేలో పనిచేసి వచ్చినవాణ్ణి ఆ పేటలో నేనొక్కణ్ణే కాబట్టి అందరూ నావైపు తిరిగారు. మా తమ్ముడి మనవడు, బస్సు డ్రైవరు, "తాతా, బతావో నా, ఎదురుగా రైలొస్తుంటే డ్రైవరుకి దిఖ్తా నహీ క్యా, కనపడదా? నిద్దరోయాడేటి?" అని అడిగాడు.

అలా అడిగితే నేను ఊరుకుంటానా? దూసుకొస్తున్న ఎదుటి ఇంజనూ, నేను ఎగిరి బ్రేకు పట్టుకోవడమూ, రెండు ఇంజన్లూ ముక్కులు ఆనించుకున్నట్టు ఆగడమూ, అంతా చేతులూపుకుంటూ చెప్పాను. కొట్టు నడిపే దీదీ గ్లాసు నా ముందు పెడుతూ, "కిందటి వానల్లో చెప్పినప్పుడు మధ్యలో లారీ పట్టే జాగా ఉండేది తాతా, ఇప్పుడు సైకిలు కూడా పట్టట్లేదు. వచ్చే ఏడు గుద్దేసుకుంటాయేటి?" అంది. అందరితోపాటు నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చాక ఆ పెట్టెలే కళ్లముందు మెదిలాయి. నా ఈడువాళ్లకైనా ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలనిపించింది.

మాది ఈ దీవుల్లోనే ఉత్తరాన ఉన్న మాయాబందర్. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన మా నాన్న అక్కడ చేపల వేటకు వెళ్లేవాడు. పడవలో ఇంజను మోతకు పక్కవాడి మాట వినపడదు గనక, కళ్లకు కనిపిస్తున్న పనినైనా గొంతెత్తి చెప్పి చేయడం మావాళ్ల అలవాటు. తాడు విసిరేవాడూ అరుస్తాడు, అందుకున్నవాడూ అందిందని అరుస్తాడు. ఆ గొంతుతోనే నేను ఓడెక్కి విశాఖపట్నం వెళ్లి, మేనమామ ఇంట్లో ఉండి చదువుకుని, రైల్వేలో అసిస్టెంటు డ్రైవరునయ్యాను.

అప్పటి బంతి సంగతి తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. ఒకే పట్టాల మీద రెండువైపులా రైళ్లు నడిచేచోట, స్టేషనుకూ స్టేషనుకూ మధ్య ఒక్క రైలే ఉండాలి. అందుకని ఆ రెండు స్టేషన్లలో జంట యంత్రాలు ఉండేవి. ఒకసారికి వాటిలోంచి ఒక్క ఇనప బంతే బయటికొచ్చేది, అది అవతలి స్టేషను యంత్రంలో పడితేగానీ ఇంకోటి వచ్చేది కాదు. దాని మీద ఆ రెండు ఊళ్ల పేర్లు చెక్కి ఉండేవి. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ దాన్ని తోలుసంచిలో పెట్టి అందిస్తే, మా చిన్న లైనులో ముందుకు పోవడానికి అదే అనుమతి. బంతి తీసి పేర్లు పైకి చదవడం అసిస్టెంటు పని, విని తిరిగి చెప్పడం డ్రైవరు పని. చాలామంది సంచి తడిమి చూసి, లోపల బరువు తగిలితే చాలనుకునేవారు. నేను మాత్రం పడవలో అరిచినట్టే అరిచేవాణ్ణి. విజయనగరం వైపు నుంచి వచ్చిన మా పెద్ద డ్రైవరు రోజూ విసుక్కునేవాడు: "ఏట్రా ఆ కేకలు? నాను సెవిటోణ్ణనుకున్నావేటి?"

ఆ రోజు పొద్దుట్నుంచీ మా బండి ఆలస్యమే. ఒక స్టేషనులో ఎదుటి పాసింజరు వచ్చేదాకా మేం ఆగాలి. ఆ సంగతి లోపల స్టేషను మాస్టారుకు తెలుసు, మాకు తెలియదు. ఆలస్యమెందుకని, బండ్ల రాకపోకలు చూసే కంట్రోలువాళ్లు ఫోనులో ఆయన్ని నిలదీస్తున్నారు. పాయింట్స్‌మన్ మేం తెచ్చిన పాత బంతి సంచి తీసుకెళ్లి మాస్టారు యంత్రంలో వేస్తాడని బల్ల మీద పెట్టాడు. అతని బదులు రావలసినవాడు రాకపోవడంతో ముందురోజు నుంచీ డ్యూటీలోనే ఉన్నాడు. ఈలోగా మా డ్రైవరు ఈల మీద ఈల వేశాడు. ఆ హడావిడిలో అతను బల్ల మీద ఉన్న ఆ సంచే కొత్తదనుకుని తీసుకుని పరుగెత్తుకొచ్చి మాకందించాడు.

నేను బంతి తీసి రెండు పేర్లూ బిగ్గరగా చదివాను. నిజానికి చదివింది నా నోరు. నా బుర్ర ముందు స్టేషనులో దొరికే గారెల మీద ఉంది. ఒకటి మేమున్న ఊరి పేరైతే, రెండోది ముందు ఊరిది కాదని, మేం దాటి వచ్చిన ఊరిదేనని నాకు తట్టనే లేదు. డ్రైవరు బండి కదిలిస్తూనే మొదటి పేరు తిరిగి చెప్పాడు, రెండో పేరు దగ్గర ఆగిపోయి బ్రేకు వేశాడు. "మళ్లీ సదువు" అన్నాడు. ఈసారి నోటితోపాటు బుర్రతోనూ చదివాను.

మేం కదిలింది పెట్టె పొడవు కూడా లేదు. ఎదుటి ఇంజను మాకు కనిపించనే లేదు. కాసేపటికి అది మలుపు తిరిగి నింపాదిగా పక్క లైనులోకి వచ్చి ఆగింది. కిటికీల దగ్గర జనం వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ మమ్మల్ని చూశారు.

పాయింట్స్‌మన్ ఇంజను కింద నిలబడి, "బాబూ, రిపోర్టు రాయకండి, నౌకరీ పోద్ది" అన్నాడు. డ్రైవరు, "రాయకపోతే రేపు ఇంకో బండి కింద ఇంకోడు సస్తాడురా. నిన్నట్నుంచి నువ్వు డ్యూటీలో ఉన్నావనీ, ఈలేసి తొందరపెట్టింది నానేననీ అదీ రాస్తాను" అన్నాడు. అలాగే రాశాడు కూడా. పైవాళ్లకు అందులో అతను పాత సంచి ఇచ్చాడన్న ముక్కే ఎక్కువ పనికొచ్చింది. మాస్టారుకు బదిలీ, డ్రైవరుకు మందలింపు, గట్టిగా చదివినందుకు నాకు మెచ్చుకోలు. పాయింట్స్‌మన్ ఉద్యోగం పోయింది. నా కథ ఉబ్బడం ఆ మెచ్చుకోలుతోనే మొదలైంది.

అతను భార్యతో, రేకుపెట్టెతో సొంతూరికి వెళ్లిపోయింది మా బండిలోనే. ఆమెను పెట్టెలో కూర్చోబెట్టి ఇంజను దగ్గరికొచ్చాడు. తిట్టడానికి వస్తున్నాడనుకున్నాను. "సదవండి బాబూ, ఇని ఎక్కుతాను" అన్నాడు. నేను చదివాను, డ్రైవరు తిరిగి చెప్పాడు. అప్పుడు వెళ్లి ఎక్కాడు.

ఇప్పుడు ఆ బంతులు లేవు. ఎర్ర సిగ్నలు దాటబోతే బండిని వాటంతటవే ఆపే యంత్రాలు వస్తున్నాయట. రానివ్వండి, అప్పుడే అలాంటిదుంటే అతని నౌకరీ నిలిచేది. నేను పాతదే మేలని చెప్పేవాణ్ణి కాను. కానీ ఆ రోజుల్లో తప్పు చేసినవాడు మా ఎదుట నిలబడేవాడు, వాడి కళ్ల కింద నిద్రలేమి మాకు కనిపించేది, వాణ్ణి ఇంటికి దింపే పనీ మామీదే పడేది. ఇప్పుడు టీవీ పెడితే అలాంటివాడి పేరు ఊరంతా తెలుస్తోంది, ముఖం మాత్రం ఎవరూ చూడవలసిన పని లేకుండా పోయింది.