తగువుల క్లాసు

ఇంగ్లీషు మాస్టారికి ఏ వస్తువునూ పారేయడం చేతకాదు. గొడుగు విరిగితే దాని ఊచ కిటికీ పరదాకు కడ్డీ అవుతుంది. అడుగు ఊడిన బకెట్టు బల్బు చుట్టూ షేడ్‌లా వేలాడుతుంది. ఆ నెల ఇస్త్రీపెట్టె పాడైతే, స్టీలు గిన్నెలో మరిగే నీళ్లు పోసి, దాని అడుగుతో చొక్కాలు రుద్దుకోవడం మొదలుపెట్టారు.

"చొక్కాకి ఇస్త్రీ చేస్తున్నారా, కాపడం పెడుతున్నారా?" అంది భార్య.

మాస్టారు వినిపించుకోలేదు. కొత్తది కనిపెట్టేవాళ్లకు ఇంట్లో ఈ మాత్రం ఎత్తిపొడుపులు తప్పవని ఆయన ఎప్పుడో సరిపెట్టుకున్నారు.

ఇన్ని తెలివితేటలూ ఇంటికే గాని క్లాసుకు పనికొచ్చేవి కావు. రోజూ సాయంత్రం ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీది గదిలో, పనుల నుంచి వచ్చే పెద్దవాళ్లకు ఆయన ఇంగ్లీషు చెబుతారు. పుస్తకంలో ఉన్నదే చెబుతారు. అందరూ కలిసి చదవమంటే గది దద్దరిల్లిపోయేది. ఒక్కొక్కరిని లేపి అడిగితే మాత్రం ఫ్యాను చప్పుడే వినిపించేది.

"నా పెంపుడు కుక్క గురించి పది వాక్యాలు" అన్న పాఠం రోజున, ముందు వరసలో కూర్చునే బస్సు డ్రైవరు లేచి, "సార్, నాకు కుక్కంటే భయం. దాని గురించి ఒక్క వాక్యమే ఉంది, అది కూడా పారిపోతూ చెప్పాలి" అన్నాడు.

చివరి బెంచీలో లాండ్రీ అక్క కూర్చునేది. ఒక పెద్ద హోటల్లో బట్టలుతికి ఇస్త్రీ చేసే విభాగంలో పని. మూడు నెలల్లో ఆవిడ నోటి నుంచి "యెస్ సార్" తప్ప మరో ఇంగ్లీషు ముక్క ఊడిపడలేదు. అర్థమైందా అన్నా అదే, కాలేదా అన్నా అదే.

"మనుషులా బొమ్మలా వాళ్లు?" అని మాస్టారు ఇంటికొచ్చి అన్నం తింటూ విసుక్కున్నారు.

భార్య చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పోస్టాఫీసు పార్సిళ్ల కౌంటరులో ఆవిడది ఇరవై రెండేళ్ల అనుభవం. "మా కౌంటరు దగ్గరికి వచ్చి చూడండి. పలకరిస్తే ఇంగ్లీషు రాదనే మనిషే, పార్సిలు రెండు రోజులు ఆలస్యమైతే చాలు, ఎక్కడి నుంచి తన్నుకొస్తుందో గాని గడగడా దులిపేస్తాడు. కోపమొస్తే భాష అదే వస్తుంది."

మాస్టారి చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

మర్నాడు క్లాసులో గొంతు సవరించుకుని, "చాలా ఆలోచించి ఒక కొత్త పద్ధతి కనిపెట్టాను" అన్నారు. ఎవరి ఆలోచనో చెప్పడం మాత్రం మరిచిపోయారు. "ఇవాళ్టి నుంచి మనం ఇంగ్లీషులో పోట్లాడుకుందాం. తప్పులొచ్చినా ఫర్వాలేదు. నోరు మూసుకున్నవాళ్లే ఓడిపోయినట్టు."

తన స్టాపు దాటిపోయిందని అరిచే ప్రయాణికుడి వేషం ఆయనే వేశారు. డ్రైవరు పుంజుకున్నాడు. "ఐ స్టాప్! యూ నో గెట్ డౌన్! యూ సీ ఫోన్, ఫోన్, ఫోన్!" క్లాసు చప్పట్లు కొట్టింది. మాస్టారి చెయ్యి అలవాటుకొద్దీ జేబులోని ఎర్ర పెన్ను మీదికి పోయింది. దాన్ని వెనక్కి లాక్కుని, ఆ చేతి మీదే కూర్చున్నారు.

తర్వాత లాండ్రీ అక్క వంతు. మాస్టారు హోటలు అతిథై, "నా చొక్కా కాల్చేశావు" అని ఇంగ్లీషులో కళ్లెర్రజేశారు. నిజంగానే కిందటేడు ఎవరో తగలేసిన చొక్కాకు ఆవిడ మాట పడిందనీ, జవాబు చెప్పడానికి మాట రాకే ఈ క్లాసులో చేరిందనీ ఆయనకు తెలియదు.

ఆవిడ లేచి నిలబడి, "నో సార్" అంది.

క్లాసంతా వెనక్కి తిరిగింది.

"నో సార్! ఐ నాట్ బర్న్. ఐ ఐరన్ ట్వంటీ ఇయర్స్!" అంటూ నేరుగా వచ్చి, మాస్టారు వేసుకున్న చొక్కా కాలరు పట్టుకుని అందరికీ చూపించింది. "దిస్! హూ ఐరన్ దిస్? వెరీ బ్యాడ్ మ్యాన్!"

స్టీలు గిన్నె సంగతి చెప్పుకునే ధైర్యం మాస్టారికి లేకపోయింది. ఇంగ్లీషులోనూ లేదు, తెలుగులోనూ లేదు.

వారం తిరక్కుండా కింద టైపు నేర్చుకునేవాళ్లు ఫిర్యాదు చేశారు. మేనేజరు పైకొచ్చి, "ఇది బడా, బస్‌స్టాండా?" అని మండిపడ్డాడు. అప్పటి నుంచి గుసగుసగా పోట్లాడుకోవాలని తీర్మానించారు. గుసగుసల్లో తిట్టుకోవాలంటే ప్రతి మాటా స్పష్టంగా పలకాలి. దాంతో అందరి ఉచ్చారణ బాగుపడింది. ఇదీ తన పద్ధతిలో భాగమేనని మాస్టారు చెప్పుకున్నారు.

రెండు నెలలకు లాండ్రీ అక్క ఒక కబురు మోసుకొచ్చింది. ఎవరో అతిథి కోటు బొత్తాం పోయిందని కేకలేశాడట. "నేను కోటు తీసుకున్నప్పుడే బొత్తాం లేదు, రసీదులో రాసి ఉంది చూడండని ఇంగ్లీషులో చెప్పేశాను సార్. చూస్తే ఆయనకీ ఇంగ్లీషు అంతంతే! ఇద్దరం తంటాలు పడి పడి చివరికి నవ్వేశాం. బొత్తాం ఆయన పెట్టెలోనే దొరికింది."

మాస్టారు ఆ రోజు ఇంటికి నడవలేదు, తేలుతూ వెళ్లారు. "చూశావా నా పద్ధతి!"

"ఎవరి పద్ధతి?" అంది భార్య, చదువుతున్న పేపరు దించకుండా.

మాస్టారు చెవి గోక్కున్నారు. ఆ రుణం తీర్చుకోవడానికి ఆవిడనే క్లాసుకు పిలిచారు. ఒక బల్ల అడ్డంగా వేసి పోస్టాఫీసు కౌంటరు అన్నారు. ఆవిడ చేత పార్సిలు తీసుకునేలా చెయ్యడమే ఆ రోజు పాఠం.

పాపం, ఎవరితో పెట్టుకుంటున్నారో వాళ్లకు తెలియదు. డ్రైవరు పార్సిలుకు తాడు సరిగా లేదంది. ఇంకొకరిది చిరునామా అర్థం కాలేదంది. మాస్టారే వెళ్తే, "లంచ్ టైమ్. కమ్ టుమారో" అని గడియారం చూపించింది. బతిమాలినా, బెదిరించినా, ఇరవై రెండేళ్ల అనుభవం ఇంచు కూడా కదల్లేదు.

చివరగా లాండ్రీ అక్క వచ్చింది. తగువుకు అందరూ ముందుకు వంగారు. ఆవిడ పార్సిలు బల్ల మీద పెట్టి, కౌంటరు అవతల నిలబడే ఉన్న మనిషిని ఎగాదిగా చూసింది. మాస్టారి కుర్చీ తెచ్చి అటు జరిపింది.

"మేడమ్, యూ స్టాండ్ ఫుల్ డే. లెగ్ పెయిన్. ప్లీజ్ సిట్. ఐ వెయిట్."

భార్య కూర్చుంది. పార్సిలు దగ్గరికి లాక్కుని, లేని ముద్ర ఒకటి పిడికిలితో గట్టిగా వేసింది.

దారిలో మాస్టారు, "ఇలాంటి ఎత్తు నాకు తట్టనే లేదు సుమా" అన్నారు.

"ఎత్తేమిటి? ఆవిడ నిజంగానే అడిగింది" అంది భార్య. చెంగు సర్దుకుని, "వచ్చే వారం కూడా వస్తాను. ఆ కుర్చీ కాస్త కుంటుతోంది, మీరేమైనా చెయ్యగలరేమో చూడండి. గిన్నెలు మాత్రం వాడకండి" అంది.