జమీందారు నోట కోడి కూత

కొత్తచెరువులో ఒక టాకీసుకు ఆడవాళ్ళ గేటు మనిషిగా నేను పనిలో చేరింది ఆషాఢ మాసంలో. ఏ సంవత్సరమో రాసిపెట్టుకోలేదు. అప్పటికి నాకు రాయడం రాదు. వేసిన వేరుశనగ విత్తనం మొలవకుండానే మాడిపోవడం వరుసగా అది రెండో ఏడు. చేలో పని లేక ఊళ్ళోకి వచ్చినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. టాకీసు మూతపడేదాకా అక్కడే పనిచేశాను. ఈ మధ్య అనంతపురం నుంచి శైలజ గారని ఒక కాలేజీ లెక్చరరు నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఒక శనివారం మ్యాట్నీ గురించి అడిగారు. ఆమెకు చెప్పిందే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

టాకీసులో చివరి మాట మేనేజరుది. ఆయన తర్వాత ఆపరేటరు, అంటే పైన క్యాబిన్‌లో రెండు ప్రొజెక్టర్లనూ నడిపే మనిషి. మా ఆపరేటరు ఖాదర్ అన్న. ఆయనకు ఒక అసిస్టెంటు ఉండాలి. ఉన్న మనిషి బెంగళూరుకు పనికి పోయాక ఆ ఖాళీలో ఎవరినీ పెట్టలేదు. ఆట మొదలై గేటు మూసిన తర్వాత నాకు పని ఉండదని చూసి, ఖాదర్ అన్న నాకు రీళ్ళు చుట్టడం నేర్పాడు.

ఆడిన రీలు తిరగబడి ఉంటుంది. దాన్ని మొదలు పైకి వచ్చేలా చేత్తో తిప్పి మళ్ళీ చుట్టాలి. చుట్టేటప్పుడు ఫిల్ము అంచును రెండు వేళ్ళ మధ్య నుంచి పోనిస్తే చిరిగిన చోటు వేలికి తగులుతుంది. అక్కడ కత్తిరించి అతకాలి. ఒక కొస మీది పూతను బ్లేడుతో గీకి, సిమెంటు అని మేము పిలిచే మందును కుంచెతో రాసి, రంధ్రాల మీద రంధ్రాలు కూర్చునేలా రెండో కొసను పెట్టి, పది లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకోవాలి. రెండేళ్ళలో నా అతుకు ఖాదర్ అన్న అతుకుతో సమానమైంది. అంకెలు గుర్తుపట్టేదాన్ని గనక రీళ్ళ వరుస తప్పేదాన్ని కాదు. అక్షరాలు మాత్రం తెలియవు. సినిమాలకు నేను పెట్టుకున్న పేర్లే నాకు పేర్లు: అన్నదమ్ముల సినిమా, జమీందారు సినిమా, పాము సినిమా.

మ్యాట్నీకి వచ్చేది ఎక్కువగా పల్లెల ఆడవాళ్ళు. నల్లమాడ వైపు వెళ్ళే బస్సు అయిదున్నరకు. ఆట అయిదుంబావుకు ముగియకపోతే వాళ్ళు మరుసటి వారం రారు. అందువల్ల సినిమా పొడుగైతే మేనేజరు మొదటి రోజే సాయంత్రం క్యాబిన్ మెట్ల దగ్గర నిలబడి, "ఆ కామెడీ తీసేయండప్పా" అనేవాడు. పాటను ముట్టుకోకూడదు, ఫైటును ముట్టుకోకూడదు. కామెడీ తీసినా కథ నడుస్తుంది. తీసిన ముక్కను చుట్టి, కాగితంలో కట్టి, సినిమా పేరు రాసిన చీటీ పెట్టి రేకు డబ్బాలో ఉంచుతాము. ప్రింటు పక్క ఊరికి వెళ్ళేముందు దాన్ని మళ్ళీ అతకాలి. ఖాదర్ అన్న తప్పకుండా అతికి పంపేవాడు. అందరు ఆపరేటర్లూ అలా చేయరు. అతకని ముక్క డబ్బాలోనే ఉండిపోతుంది. అలాంటి ఘట్టం ఒకటి ఉందని తర్వాతి ఊరికి తెలియదు.

నా చేతుల మీదుగా అందరికంటే ఎక్కువసార్లు డబ్బాలోకి వెళ్ళిన నటి ఓబుళమ్మ. లేపాక్షి దగ్గర పల్లె ఆమెది. నాటకాల కంపెనీలో వేషాలు వేసి, అక్కడి నుంచి మద్రాసు చేరింది. వంటామె, కోళ్ళమ్మే ఆమె, మంత్రసాని, ఇలాంటి వేషాలే వచ్చేవి. సినిమాకు మూడు నాలుగు నిమిషాలు. పోస్టరు మీద ఆమె బొమ్మ నేను ఎన్నడూ చూడలేదు. మిగతా హాస్యగాళ్ళు నవ్వించడానికి అరిచేవాళ్ళు, పడేవాళ్ళు. ఈమె గొంతు తగ్గించేది. తెర మీద ఆమె నవ్వగా నేను చూడలేదు. ఎదుటివాడు మాట పూర్తిచేసినా ఒక క్షణం ఊరుకుని, ఆ తర్వాత మా ఊరి మాటతో సమాధానం చెప్పేది. ఆ క్షణంలోనే ఆడవాళ్ళ బెంచీల్లో నవ్వు మొదలయ్యేది.

జమీందారు సినిమా వేసిన రెండో రోజు, శనివారం మ్యాట్నీకి, నా గేటు దగ్గరకు ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకామె ముసలామె.

"అక్కా, ముందర బెంచీలో జాగా ఉండాదా? మా యమ్మకు కండ్లు సరిగ్గా ఆనవు" అంది రెండో ఆమె.

గొంతు వినగానే గుర్తుపట్టాను. ఓబుళమ్మే.

"నేనేం సూడల్లే ఈడ? నువ్వు తైతక్కలాడేది సూడల్లనా?" అంది ముసలామె, నలుగురూ వినేలా.

"తైతక్కలు కాదుమా, నవ్విచ్చే పని. ఎన్నేండ్ల నుంచి చెప్తాండా నీకు? ఒక్కతూరి సూడు. సూసినాక కూడా సిగ్గుమాలిన పనే అనిపిస్తే చెప్పు. మల్లా నీ గడప తొక్కను."

"మాట తప్పాకు మల్ల" అంది తల్లి.

నేను టికెట్లు చించి ఇద్దరినీ ముందు బెంచీలో కూర్చోబెట్టాను. ఓబుళమ్మ ఘట్టం ఎనిమిదో రీల్లో, ఇంటర్వెల్ తర్వాత రావాలి. దాన్ని ముందురోజు సాయంత్రమే కత్తిరించాము. ఆ మాట ఆమెకు చెప్పలేదు. గేటు మూసి క్యాబిన్ ఎక్కాను.

"అన్నా, ఎనిమిదో రీలు ముక్క మల్లా పెట్టల్ల" అన్నాను.

"ఏమ్మా, మతి పోయిందా? మేనేజరు నా తోలు తీస్తాడు."

"ఓబుళమ్మ కింద కూచోనుండాది. వాళ్ళమ్మను పిల్చుకొచ్చింది."

"బస్సో?" అన్నాడు ఖాదర్ అన్న.

"ఇంటర్వెల్లు నాలుగు నిమిషాలు తగ్గిస్తా. గంట కొట్టేది నేనే కదా."

"నేను ఈ కార్బన్లు వదిలి రాలేను. నువ్వే అతుకు పో. డబ్బాలో ఉండాది, చీటీ సూసుకో."

ప్రొజెక్టరుకు వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు కాలి అరిగేకొద్దీ వాటిని దగ్గరకు జరుపుతూ ఉండాలి. చీటీ చూసుకో అన్నది అలవాటు కొద్దీ. నాకు చదువు రాదని ఆయనకు తెలుసు. ఆ తొందరలో ఆయనకు గుర్తురాలేదు, నేనూ గుర్తుచేయలేదు.

మామూలుగా డబ్బాలో ఒకటే ముక్క ఉంటుంది. ఆ వారం రెండు ఉన్నాయి. ముందు వారం ఆడిన అన్నదమ్ముల సినిమా ప్రింటును తీసుకువెళ్ళాల్సిన లారీ ఇంకా రాలేదు. దాని ముక్కను అతకడం ఖాదర్ అన్న వాయిదా వేశాడు. నేను పైన ఉన్న పొట్లం విప్పి, ఫిల్మును బల్బుకు ఎదురుగా పట్టి చూశాను. ఓబుళమ్మ ముఖం కనపడింది. నాకు అది చాలు అనిపించింది. రెండో పొట్లం విప్పలేదు. రెండు వైపులా అతికి, రీలు చుట్టి, ఖాదర్ అన్నకు అందించాను.

ఇంటర్వెల్‌లో ముందే గంట కొట్టాను. సోడాలమ్మే సుబ్బన్న గేటు దగ్గరకు వచ్చి, "ఏమ్మే నారాయణమ్మా, గోలీ లోపలికి దిగకముందే గంట కొడితివి! నా సోడాలు మీ నాయన తాగుతాడా?" అని తిట్టాడు. నేను తలుపు వేసేసి హాల్లోనే నిలబడ్డాను.

ఎనిమిదో రీలు మొదలైంది. జమీందారు వరండాలో నిలబడి కొడుకును ఇంటి నుంచి వెళ్ళగొడుతున్నాడు. అతుకు దాటగానే ఒక బస్సు కనపడింది. అందులో కోళ్ళ గంపతో ఓబుళమ్మ. జమీందారు సినిమాలో ఆమె వంటామె, చేతిలో గరిటె ఉండాలి. కోళ్ళ గంప అన్నదమ్ముల సినిమాది. ఒక ప్రింటులో మరో ప్రింటు ముక్క అతకడం మా పనిలో ఉద్యోగం పోయే తప్పు. క్యాబిన్ కిటికీలో ఖాదర్ అన్న ముఖం కనపడింది. ఆట ఆపితే ఈలలు పడతాయి. ఆయన ఆపలేదు.

తెర మీద కండక్టరు కోడికి కూడా టికెట్టు తీయాలన్నాడు. ఓబుళమ్మ ఒక క్షణం ఊరుకుంది. గంపలో చేయి పెట్టి ఒక గుడ్డు తీసి అతని చేతిలో పెట్టి, "దీనికి అర టికెట్టు పడతాదేమో సూడు నాయనా" అంది. బెంచీలు కదిలిపోయాయి. కోడి గట్టిగా కూస్తుండగా ముక్క అయిపోయి, జమీందారు మళ్ళీ వచ్చాడు. ప్రొజెక్టరులో బొమ్మ వెలిగే కిటికీ పైన, శబ్దం చదివే దీపం దాని కింద ఉంటాయి. అందువల్ల అతుకు దగ్గర బొమ్మ మారినా, దాదాపు ఒక సెకను పాత శబ్దమే వినిపిస్తుంది. జమీందారు వేలు చూపించి కోపంగా నోరు తెరిచాడు. ఆ నోట కోడి కూత వచ్చింది.

అంత నవ్వు నేను ఆ హాల్లో మళ్ళీ వినలేదు. ఓబుళమ్మ తల్లి పక్కనున్న కూతురి తొడ మీద టపటపా కొడుతోంది. ఓబుళమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. రెండు సినిమాలు కలిసిపోయాయని ఒక్కరూ అనలేదు.

అయిదుంబావుకే ఆట ముగిసింది. గేటు దగ్గర తల్లి కళ్ళు తుడుచుకుంటూ, "మంచి పనేలేమే. ఆ కండక్టరుకు బాగా పెడితివి. ఆ జమీందారు యాంటికి కోడి మాదిరి కూసినాడు?" అంది.

"ఆయప్ప పెద్ద యాక్టరుమా. ఏమన్నా చేస్తాడు" అంది ఓబుళమ్మ, ముఖం కదలకుండా. తల్లిని నాలుగడుగులు ముందుకు పోనిచ్చి, నా వైపు తిరిగింది. "అక్కా, ఈ సినిమాలో నేను వంట చేసేదాన్ని కదా. ఆమె యాడుండాది?"

దాచలేదు. "డబ్బాలో ఉండాది" అన్నాను. బస్సు కోసం తీస్తామని చెప్పాను.

"ప్రతి సినిమాలో తీస్తారా?"

"పొడుగైతే."

ఆమె తల ఆడించింది. "మా యమ్మకు చెప్పాకు" అని, వెళ్ళి తల్లి చేయి పట్టుకుంది. తర్వాత ఆమెను నేను చూడలేదు.

ఖాదర్ అన్న ఆ సాయంత్రమే కోళ్ళ ముక్కను తీసి దాని ప్రింటులో అతికాడు, వంటామె ముక్కను జమీందారు ప్రింటు వెళ్ళేముందు అతికి పంపాడు. ఆటను కూర్చుని చూసే అలవాటు మేనేజరుకు లేదు. సుబ్బన్న ఫిర్యాదు చేసిన ఇంటర్వెల్ సంగతికి మాత్రం నన్ను తిట్టాడు. మరుసటి వారం నుంచి ఖాదర్ అన్న చీటీల మీద పేరుతోపాటు ఒక బొమ్మ కూడా గీయడం మొదలుపెట్టాడు. పాము, గరిటె, కోడి. చాలా ఏళ్ళు ఆ బొమ్మలతో పని జరిపాను. తల నెరిసిన తర్వాత బడిలో సాయంకాలం తరగతికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నాను. అప్పుడు తెర మీద పడే పేర్లన్నీ చదివాను. ఓబుళమ్మ నటించిన చాలా సినిమాల్లో ఆమె పేరు లేదు.

శైలజ గారు ఓబుళమ్మ సినిమాల జాబితా తయారు చేస్తున్నారు. ఓబుళమ్మ, ఆమె తల్లి ఇద్దరూ ఇప్పుడు లేరు. కొత్తచెరువులో కూతురి సినిమా చూశానని, అందులో జమీందారు కోడిలా కూశాడని తల్లి చనిపోయేదాకా చెప్పేదట. ఓబుళమ్మ మేనకోడలు ఆ మాట శైలజ గారికి చెప్పింది. ఆమె జమీందారు సినిమాను కంప్యూటర్లో రెండుసార్లు చూశారు. కోడి లేదు, ఓబుళమ్మా లేదు. ఆమె వేసిందని విన్న అన్నదమ్ముల సినిమాలోనూ లేదు. మా తర్వాత ఏదో ఊళ్ళో ఆ ముక్కలను తీసి, మళ్ళీ అతకలేదేమో. ముసలామె కల్పించి చెప్పిందనుకుని, తన నోటుపుస్తకంలో ఆ మాటను కొట్టేశారు. కొట్టేసిన గీత నాకు చూపించారు.

ముసలామె చూసింది చూసినట్టే చెప్పిందని, తప్పు నాదని శైలజ గారికి వివరించాను. అతుకు ఎలా వేస్తారో, శబ్దం ఎందుకు వెనకబడుతుందో చెప్పాను. వంటామె ముక్కలో ఏముందో కూడా చెప్పాను: జమీందారు పెట్టిన వంకలన్నీ వింటూ, ఆయన విస్తట్లోది ఆయన ముందే రుచి చూసి, "ఉప్పు సరిపోయిండాది దొరా, మీకే సరిపోలేదు" అంటుంది. శైలజ గారు రెండు సినిమాలనూ జాబితాలో చేర్చి, కింద నా సంతకం తీసుకున్నారు.

సినిమా చూసి నటిని లెక్కపెట్టడం సరైన పద్ధతే, సినిమా మొత్తం మిగిలి ఉంటే. మిగలని చోట, చూసినవాళ్ళను అడగాలి. వాళ్ళ మాట నమ్మశక్యంగా లేకపోతే, కొట్టేసేముందు కత్తిరించినవాళ్ళను అడగాలి. ఖాదర్ అన్న కూడా పోయాడు. ఆ డబ్బాలోని ముక్కలను చూసినవాళ్ళలో ఇప్పుడు నేను ఒక్కదాన్నే ఉన్నాను, అందుకని రాశాను.