గాఫ్ చెట్టుకు కట్టిన ఉయ్యాల

2008 మార్చిలో ఒక శుక్రవారం ఉదయం ఆరింటికి ఒమాన్‌లో, దార్సైట్‌లోని మా ఫ్లాట్ నుంచి కారులో బయలుదేరాం. నేను, మావారు, ఏడు నెలల పాప, పక్క ఫ్లాట్‌లో ఉండే నర్సు మేరీ అక్క. వాదీ బనీ ఖాలిద్ చూడాలని అక్క ఏడాదిగా అంటోంది. వాదీ అంటే కొండల మధ్య వాగు. చాలాచోట్ల గులకరాళ్లే, అక్కడక్కడా లోతైన మడుగులు.

నాకు మాత్రం వారం నుంచీ కంటి మీద కునుకు లేదు. పాపకు ఎండదెబ్బ తగిలితే? తేలు కుడితే?

"ఆసుపత్రంతా సంచిలో సర్దేశావేంటే? నేనున్నాను కదా!" అని మేరీ అక్క నవ్వింది.

ఎనిమిదింటికి దారిలోని ఇబ్రా ఊళ్లో టీ, పరోటా. తర్వాత కొండదారి. ప్రతి మలుపులో పాపను గుండెకు అదుముకుని కళ్లు మూసుకున్నాను. పదింటికి లోయ చేరాం. కారు పైన రోడ్డు పక్కనే ఆపి కిందికి దిగాం. నిటారు రాతిగోడలు, ఖర్జూరపు తోటలు, ఆకుపచ్చటి నీళ్లు. ఎండిన వాగులో ఒక గాఫ్ చెట్టు కనిపించింది. మన జమ్మిచెట్టే. పాప ఉయ్యాలలో తప్ప నిద్రపోదు. నా పాత నూలుచీర కొమ్మకు కట్టి పడుకోబెట్టాం. పైకొమ్మల్లో ఎండుగడ్డి కుచ్చులున్నాయి. పిట్టగూళ్లనుకుని, వాటికోసం పాములొస్తాయేమోనని అటే చూస్తూ కూర్చున్నాను.

పులిహోర డబ్బా తెరుస్తుంటే ఎక్కడో ఉరిమినట్లయింది.

"ఏవండీ, వెళ్లిపోదామా?"

"పైన మబ్బుతునకైనా లేదు. నీకు నీ నీడన్నా భయమే!"

అప్పుడే ఒడ్డు మీద మేకలు కాస్తున్న ఒమానీ తాత ఒకాయన కర్ర ఊపుతూ దిగివచ్చాడు. "బచ్చా ఉఠావ్! జల్దీ! పానీ ఆతా!" అని వచ్చీరాని హిందీలో, పిల్లను ఎత్తుకోండి, నీళ్లొస్తున్నాయంటూ అరిచాడు. మావారు నవ్వుతూ ఆకాశం చూపించారు. తాత కర్ర ఎత్తి, ఉయ్యాల పైనున్న గడ్డికి తాకించాడు.

"పానీ ఇధర్."

నీళ్లు అక్కడిదాకా వస్తాయట. అవి పిట్టగూళ్లు కావు. ఏనాటి వరదో తెచ్చి చిక్కించిన గడ్డి. నా బిడ్డ దానికి నిలువెత్తు కింద నిద్రపోతోంది.

పాపను లాక్కుని పరిగెత్తాను. మావారు ముడి విప్పబోతే, "చీర పోతే పోయింది, రావయ్యా!" అని మేరీ అక్క ఆయన చొక్కా పట్టి లాగింది. ఒడ్డెక్కామో లేదో, ముందు చప్పుడు వచ్చింది. తర్వాత మట్టిరంగు నీళ్లు, దొర్లే రాళ్లు. డబ్బా, సంచి, ఉయ్యాల అన్నీ మునిగిపోయాయి. తాత పాప తల నిమిరి, తన ఫ్లాస్కులోంచి మాకు కహ్వా, అంటే అరబ్బుల కాఫీ, పోశాడు.

మూడింటికి తిరుగు ప్రయాణమయ్యాం. లోయ అందమైనదే, వెళ్లి చూడండి. కానీ వాన కొండల అవతల కురిసినా వాగు మీ దగ్గరికొస్తుంది. కూర్చునే ముందు చెట్ల పైకి చూడండి.

వాగులు రోడ్డును దాటే పల్లాల్లో నీటి లోతు చూపే ఎరుపు తెలుపు స్తంభాలుంటాయి. ఉదయం మావారు వాటిని పట్టించుకోలేదు. ఇప్పుడు ప్రతిచోటా కారు ఆపి, "నువ్వు చెప్పు, వెళ్దామా?" అని అడిగారు. రోడ్డు పొడిగానే ఉన్నా, నేను అద్దం దించి, కొండల వైపు చెవి పెట్టి విన్నాకే "పదండి" అన్నాను. మేరీ అక్క ఒక్కసారీ నవ్వలేదు.

ఉయ్యాల లేక పాప ఇంటిదాకా ఏడుస్తూనే ఉంది. ఎవరమూ ఊరుకోమనలేదు.