రెండోది రానీ అన్న సారు

పోయిన నెల గుడియాత్తం నుంచి ఫోను వచ్చింది. "సారు వెళ్ళిపోయినాడు తల్లీ" అంది అక్క. వేలూరు కాలేజీలో నాకు జంతుశాస్త్రం చెప్పిన సారు భార్య ఆమె. ఏడుపు కన్నా ముందు నాకు కోపం వచ్చింది. పని సగంలో వదిలేసి ఎలా పోతారు?

ఆ పని ఒక కాడిస్ ఈగది. పిల్లగా ఉన్నప్పుడు అది కొండవాగు అడుగున ఇసుక రేణువులు అతికించుకొని గూడు కట్టుకుంటుంది. రెక్కలొచ్చాక సందెవేళ దీపానికి వస్తుంది. జవ్వాది కొండల మీద వాగు ఒడ్డున సారు తెల్ల పంచెను తెరలా కట్టి, దాని ముందు లైటు పెట్టి కూర్చునేవారు. ఒకసారి ఎక్కడా చూడని మగ ఈగ ఒకటి వచ్చి వాలింది. ఒక్కటే. సారు దాన్ని స్పిరిటు సీసాలో దాచారు.

కొత్త జాతి అని లోకానికి చెప్పాలంటే దాని పొట్ట చివరను కోసి, క్షారంలో కాచి, మైక్రోస్కోపు కింద చూసి బొమ్మ గీయాలి. సారు కొయ్యనన్నారు. వాళ్ళది బజారులో పప్పుల అంగడి.

"అంగట్లో మూట అడుగు దులపరాదని మా నాయన చెప్తా ఉండె. కొత్త మూట వచ్చేదాకా పిడికెడన్నా ఉండాల. రెండోది రానీమ్మా."

"ఇది కందిపప్పు కాదు సారూ!"

"కందిపప్పయితే యాడైనా దొరుకుతాది. ఇది యాడ దొరుకుతాది?"

అబ్బ, ఏం మొండితనం! రెండోదాని కోసం ఏటా వానలు తగ్గగానే సంచీ సర్దేవారు. "కోడల్ని వెదికేదానికి కూడా ఈయప్ప ఇంత తిరగలేదు" అని అక్క నవ్వేది. ఆ చాదస్తమంటే నాకు ప్రాణం. సగం సైన్సు ఆయన వెంట తిరిగే నేర్చుకున్నాను.

రానురాను పంచె మీద వాలే పురుగులు తగ్గాయి. వాగుకు పైన ఎవరో కొండను తవ్వుతున్నారు. కిందటేడు సారు ఒక రాయి తిప్పి, దాని కింద అంటుకున్న ఇసుక గూళ్ళను వేళ్ళతో నొక్కి చూశారు. ఒక్కదాంట్లోనూ పురుగు లేదు. దోసిట్లో నీళ్ళు తీసుకొని వాసన చూసి పారబోశారు.

"నీళ్ళు బాగుంటేనే ఇది ఉంటాది. ముందు ఇది పోతాది, ఆపైన చేప. ఆ తర్వాత ఎవురో నేను చెప్పనమ్మా" అన్నారు. నాకు భయం వేసింది.

కర్మకాండ అయ్యాక అక్క ఆ ఈగ ఉన్న సీసాను నా చేతిలో పెట్టింది. నేను కోశాను. పొట్ట చివర రెండు కొక్కేలు, కొసల్లో లోపలికి వంగి ఉన్నాయి. ఏ పుస్తకంలోనూ అలాంటివి లేవు. "కొత్తదే సారూ" అని ఎవరూ లేని గదిలో గట్టిగా అన్నాను. ఇక ఆపుకోలేక ఏడ్చాను.

బొమ్మ గీశాను, వర్ణన రాశాను. రెండోదాని కోసం నిన్న కొండెక్కాను. సన్నబడిన వాగులో దొరికిన రాయినల్లా తిప్పాను. అన్నీ వట్టి గూళ్ళే.

"అందులో చెయ్యి పెట్టొద్దమ్మా" అని వెనక నుంచి తమిళంలో వినిపించింది. ఆవును తోలుకొస్తున్న ఆడమనిషి. ఆవు దప్పికతో గబగబా ఒడ్డు దిగింది. నీళ్ళ దాకా మూతి చాచి, ఒక్క క్షణం ఆగి, గుటక వేయకుండానే వెనక్కి తిరిగింది.