నిచ్చెన పట్టుకున్నవాడు

నిన్న రాయదుర్గంలోని మా ఆఫీసులో ఎవరో అల్యూమినియం నిచ్చెనను టైల్స్ మీద ఈడ్చారు. ఆ కీచుమనే చప్పుడుకు నా కుడికాలు దానంతట అదే ముందుకు కదిలింది. కింది మెట్టు మీద కాలు అదిమి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని, పైకి వినబడేలా "పట్టిన" అనాలి. మల్లయ్య నేర్పిన పద్ధతి అది. ఏళ్లు గడిచినా ఆ చప్పుడు వింటే నాకు మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియదు.

మల్లయ్య మా భవనంలో కాంట్రాక్టు మీద పనిచేసే ఎలక్ట్రీషియన్. నల్లగొండ వైపు మనిషి, అప్పటికే యాభై దాటాయి. నేను గోదావరి జిల్లా నుంచి డిగ్రీ పట్టా పుచ్చుకుని వచ్చి ఆయన మీద సూపర్‌వైజర్‌గా చేరాను. ఫ్యూజుకీ హోల్డరుకీ తేడా తెలియని సూపర్‌వైజర్‌ని. మొదటిరోజే నన్ను నిచ్చెన దగ్గర నిలబెట్టి పాఠం చెప్పాడు.

"నువ్వు పట్టిన అనేదాంక నేను ఎక్క. నేను దిగిన అనేదాంక నువ్వు ఇడువొద్దు. గంతే సారూ."

"ఎంతసేపైనా అంతేనాండీ?"

"మీదికెల్లి పడెటోనికి ఎంతసేపు పడ్తది?" అని నవ్వాడు.

ఆ నియమం ఆయన ఎవరికోసమూ సడలించలేదు. ఒకసారి మీటింగు గదిలో లైటు ఆరిపోయింది. లోపలున్న మేనేజరు, అక్కడి చక్రాల ఆఫీసు కుర్చీ ఎక్కి రెండు నిమిషాల్లో మార్చేయమని మల్లయ్యను తొందరపెట్టాడు. మల్లయ్య నిచ్చెన తెచ్చి వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పట్టెటోళ్లు కావాలె సార్." చివరికి ఆ మేనేజరే టై భుజం మీద వేసుకుని, నిచ్చెన పట్టుకుని, గొణుగుతూ "పట్టిన" అన్నాడు. నేను నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తాను. ఎవరి ముందూ జంకని మనిషి దగ్గర పని నేర్చుకుంటున్నానని ఆ రోజు గర్వపడ్డాను కూడా. ఏం నేర్చుకున్నానో తర్వాత తేలింది.

విదేశీ క్లయింట్లు వచ్చే రోజది. పొద్దున లాబీలో ఒక లైటు మినుకుమినుకుమంటోంది. నేను కాలు అదిమి "పట్టిన" అన్నాను, ఆయన ఎక్కాడు. అంతలో అద్దాల తలుపులు తెరుచుకుని మా డైరెక్టరు అతిథులతో లోపలికి వచ్చాడు. నా మెడలో ఐడీ కార్డు వెనక్కి తిరిగి ఉంది. రెండు చేతులూ వదిలి దాన్ని సరిచేసుకుని, ఒక అడుగు ముందుకేసి "గుడ్ మార్నింగ్ సర్" అన్నాను. అప్పుడే తుడిచిన నేల మీద నిచ్చెన జారింది. డైరెక్టరు నా వైపు చూడనైనా లేదు, అందరూ పడ్డవాడినే చూస్తున్నారు.

మల్లయ్య తుంటి ఎముక విరిగింది. స్ట్రెచర్ మీద పళ్ల బిగువున నొప్పి భరిస్తూ, "సారూ, నిచ్చెన నీ మీద పడలే గద?" అని అడిగాడు.

ప్రమాదం రిపోర్టు నేనే రాయాలి. అందులో ఒక ప్రశ్న ఉంది: ఆ సమయంలో నిచ్చెన పట్టుకున్నదెవరు? నాకెవరూ అబద్ధం రాయమని చెప్పలేదు. ఉద్యోగం పోతుందన్న భయంతో నా అంతట నేనే రాశాను: ఎవరూ లేరు, చెప్పినా వినకుండా ఒంటరిగా ఎక్కాడు. సంతకం కోసం దవాఖానకు పట్టుకెళ్లాను. ఇంగ్లీషు ఆయనకు రాదు.

"ఏం రాసినవ్ సారూ?"

"జరిగిందే రాశానండీ."

ఇంకో మాట అడగకుండా సంతకం పెట్టాడు.

నష్టపరిహారం దరఖాస్తు పెట్టుకుంటే, ఆ కాగితాన్నే అడ్డం పెట్టి కాంట్రాక్టరు ఇవ్వనన్నాడు. లేబరు ఆఫీసుకు, రిపోర్టు రాసినవాడినని నన్నూ పిలిచారు. అక్కడ అధికారి దాన్ని తెలుగులో చదివి వినిపించాడు. చేతికర్ర మీద ఆనుకుని నిలబడ్డ మల్లయ్య, నేను రాసింది అప్పుడే మొదటిసారి విన్నాడు. నిచ్చెన నిజంగా ఎవరూ పట్టుకోలేదా అని అధికారి అడిగాడు.

మల్లయ్య నా వైపు చూశాడు. "సారునే అడుగుండ్రి. ఆయన ఏం చెప్తే గదే రాసుకోండ్రి."

నిజం చెప్పడానికి ఆయన నాకిచ్చిన అవకాశమది. నేను బల్ల వైపు చూస్తూ "ఎవరూ లేరండీ" అన్నాను. ఆయనకు పరిహారం రాలేదు. మళ్లీ నిచ్చెన ఎక్కే పనీ లేకపోయింది. ఇప్పుడు బాచుపల్లిలో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర కాపలా కూర్చుంటున్నాడని విన్నాను. అటు పనిపడితే చుట్టు తిరిగి వెళతాను.

నిన్న ఆ నిచ్చెన ఎక్కింది కొత్త ఎలక్ట్రీషియన్. నేను "పట్టిన" అన్నాకే ఎక్కాడు, పని ముగించి "దిగిన సార్" అన్నాకే నేను వదిలాను. ఈ భవనంలో అందరికీ ఆ పద్ధతి నేర్పింది నేనే. దాన్ని వాళ్లు 'సారు రూలు' అంటారు. భద్రతా వారోత్సవంలో దానికే నాకు శాలువా కప్పారు, కప్పించుకున్నాను. అది మల్లయ్య రూలని ఇంతవరకూ ఒక్కరికీ చెప్పలేదు. చెబితే, మరి అంత జాగ్రత్త గల మనిషి ఎలా పడ్డాడని అడుగుతారు.